తల నాది, మొక్కు అమ్మది

నేను పెళ్ళి చేసుకుంటున్నానని చెప్పిన రోజు అమ్మ ఏడవలేదు, నవ్వలేదు, అబ్బాయి ఎవరని కూడా అడగలేదు. చేతిలో ఉన్న చింతపండు గిన్నె పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, నా జడను చివరిదాకా తడిమి చూసింది.

"ఇంగ దీన్ని ఇచ్చేయాల్సిందే పాపా," అంది.

నలభై దాటినదాన్ని. తిరుపతిలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. నాయన పోయినప్పటి నుంచి ఇంట్లో అమ్మా, నేనూ ఇద్దరమే. పెళ్ళి మాట మా ఇంట్లో వినిపించక ఏళ్ళయింది. అలాంటిది నా అంతట నేను ఒకాయన్ని ఇష్టపడి, నా నోటితో నేనే అడిగి, ఆయన సరేనంటే కాళ్ళు నేల మీద ఆనకుండా ఇంటికొచ్చి చెబితే, మా అమ్మ చూపు నా జుట్టు మీదికి పోయింది.

సంగతేమిటంటే, నా గురించి అమ్మ ఎప్పుడో కొండకు మొక్కుకుంది. మా వైపు కొండ అంటే ఏ కొండ అని ఎవరూ అడగరు. ఆ మొక్కులో ఇస్తానన్నది తన జుట్టు కాదు, నాది. బయటివాళ్ళు వింటే ఆశ్చర్యపోతారేమో గానీ ఇక్కడ అది మామూలే. మా వీధిలో పిల్లల తలలు అమ్మలూ, మొగుళ్ళ తలలు పెళ్ళాలూ, అల్లుళ్ళ తలలు అత్తలూ ధారాళంగా మొక్కేస్తుంటారు. తల ఎవరిదో వాళ్ళకు కబురు తీరిగ్గా అందుతుంది. మా పక్కింటాయనకు కోరుకున్న ఊరికి బదిలీ అయితే, భార్య ఆయన్ని దర్శనానికని బస్సెక్కించి, ఘాట్ రోడ్డు సగం దాటాక మెల్లగా చెప్పింది. పాపం, దిగడానికి అక్కడ స్టాపు కూడా లేదు.

నా మొక్కు సంగతి నాకు చాలాకాలంగా తెలుసు. పెళ్ళే లేనప్పుడు మొక్కెక్కడిదని ధీమాగా ఉన్నాను. ఇప్పుడు పెళ్ళి వచ్చి పడింది. శుభకార్యానికి ముందే మొక్కు తీర్చేయాలని, తీర్చకుండా పీటల మీద కూర్చోకూడదని అమ్మ పట్టు. నాకేమో పూలజడ కావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మల్లెలూ కనకాంబరాలూ కుట్టిన పూలజడ నడుము కిందికి వేలాడుతుండగా పెళ్ళిపీటల మీద కూర్చోవాలని నాకు చచ్చేంత ఆశ. ఎంతమంది పెళ్ళికూతుళ్ళ జడలకు సూది పట్టుకుని పూలు కుట్టానో. అప్పుడెప్పుడూ రాని ఆశ ఈ వయసులో వచ్చింది. అది నా తప్పు కాదు, ఆయన తప్పు.

ఆయన శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో భద్రత చూస్తారు. అంటే కాపలా కాదు, మిషన్ల దగ్గర ఎవరికీ దెబ్బలు తగలకుండా చూసే పని. రోజూ తిరుపతి నుంచి కంపెనీ బస్సులో వెళ్ళి వస్తారు. ఒక రోజు సాయంత్రం కాలేజీకి వచ్చి, తెలుగు చెప్పే మేడం ఎవరని అడిగి, నా ముందు ఒక కాగితం పెట్టారు. మిషన్ల పక్కన పెట్టే బోర్డుల మీద రాతలవి.

"ఉద్దేశపూర్వకముగా యంత్రమును నిలుపుట నిషేధము అని పైనుంచి రాసి పంపినారు మేడమ్. మా వాళ్ళు దీన్ని సదవను కూడా సదవరు. మనిషి మాట్లాడినట్ల రాసియ్యండి."

కలం తీసుకుని, "కావాలని మిషను ఆపొద్దు" అని రాసిచ్చాను. ఆయన దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయారు.

"అంత పొడుగు మాటకి ఇంతేనా?"

నాకు పాఠం పూనింది. ఉద్దేశంలో ఉన్న ధాతువుకు చూపించడమని అర్థం, దిక్కు చూపే దిశా, ఉపదేశమూ, ఆదేశమూ అన్నీ దాని పిల్లలే, ఉద్దేశమంటే మనసు ఒకవైపు వేలు పెట్టి చూపడమన్నమాట అని మొదలుపెట్టాను. మన తెలుగు 'కావాలని' అట్లా కాదు, 'ఇది కావాలి' అని లోపల ఎవరో పలికితే చెయ్యి ఆ పని చేసినట్టు, ఒకటి వేలితో చూపేది, ఇంకొకటి నోటితో పలికేది అని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే నోరే బాగుండాది మేడమ్," అన్నారు.

తర్వాతి వారం మళ్ళీ వచ్చారు. అనుకోకుండా మిషనులో చెయ్యి పెడితే ఏం చేయాలో రాయాలట. అనుకోవడమంటే అనడం, తీసుకోవడమనే పాత అర్థంలో కొనడం, రెండూ కలిసిన మాట అని చెప్పాను. ఒక మాటను తనకు తాను చెప్పుకుని తన దగ్గరే ఉంచుకోవడం. ఆ చెప్పుకోవడం జరగకుండా జరిగిపోయేది అనుకోకుండా జరిగింది. "మన భాషలో మనసు ఊరికే ఉండనే ఉండదే, మాట్లాడతానే ఉంటుంది," అని ఆయన నవ్వారు. పై పన్ను ఒకటి కొంచెం వంకర. అది నాకు ఆ రోజే నచ్చింది.

ఆ తర్వాత పట్టుదల గురించి వచ్చారు. పట్టుకున్నది వదలకపోవడం అని చెప్పాను. మొండితనం గురించి వచ్చారు. కొట్టేసిన కొమ్మ మొండి, తల లేని ఒళ్ళు మొండెం, కొన లేనిది ఏదైనా మొండే, కొన లేనిది వంగదు కాబట్టి మొండితనం అయిందని నా ఊహ చెప్పాను. ఆయన తల ఊపుతూ వినేవారు. ఒక రోజు వచ్చి, 'తలపు' అంటే ఏమిటి, తలకూ దానికీ ఏమైనా చుట్టరికం ఉందా అని అడిగారు. ఏ ఫ్యాక్టరీలోనైనా మిషను పక్కన తలపు అని బోర్డు పెట్టే అవసరం వస్తుందా? నాకు చెవులు వేడెక్కాయి. చుట్టరికం సంగతి నాకు తెలియదని ఒప్పుకున్నాను. అన్నేళ్ళ పాఠాల్లో తెలియదని అంత సంతోషంగా ఎప్పుడూ చెప్పలేదు.

శ్రీహరికోట నుంచి రాకెట్టు వదిలే రోజు మా కాలేజీలో పాఠాలు జరగవు. అందరం మేడ ఎక్కుతాం. ఆ సాయంత్రం ఆయన కూడా ఏదో మాట అర్థం వంకతో వచ్చి మాతో పాటు ఎక్కారు. తూర్పున నిప్పుకణం లేచింది. పిల్లలు కేకలు వేస్తున్నారు, అందరి తలలూ పైకి ఉన్నాయి. నేను మాత్రం ఆయన వైపు తిరిగి, "మనం పెళ్ళి చేసుకుందామా?" అని అడిగేశాను. అంతకు ముందు క్షణం దాకా అడుగుతానని నాకే తెలియదు.

ఆయన రాకెట్టును వదిలేసి నన్ను చూశారు. "ఇది బోర్డు మీద రాసేదా మేడమ్?" అన్నారు.

"రాసుకుంటే రాసుకోండి," అన్నాను.

"ఎప్పుడో రాసుకున్నా," అన్నారు. ఆ రోజు రాకెట్టు ఎంత ఎత్తుకు పోయిందో నేను చూడలేదు.

నిశ్చితార్థానికి ముహూర్తం పెట్టుకున్నాం. ఎంత చక్కటి మాట అది, అర్థం నిశ్చయమైపోవడం. తెలుగు చెప్పుకునేదానికి ఇంతకన్నా ఏం కావాలి. కాలేజీలో నడుస్తూ నడుస్తూ నాలో నేను నవ్వుకునేదాన్ని. నల్లబల్ల మీద సంధి రాస్తూ మధ్యలో ఆపి కిటికీలోంచి చూసేదాన్ని. పిల్లలకు అంతా తెలిసిపోయింది, వాళ్ళు మర్యాదగా తెలియనట్టు నటించారు.

ఇంట్లో మాత్రం రోజూ యుద్ధం. అమ్మ దృష్టిలో ఈ పెళ్ళి ఆమె మొక్కిన మొక్కు వల్ల కుదిరింది. నా దృష్టిలో నేను నోరు తెరిచి అడిగినందువల్ల కుదిరింది. అసలు తగాదా జుట్టు కన్నా దీని మీదే అని నాకు తెలుసు. నా జీవితంలో మొదటిసారి నేనే కోరి, నేనే అడిగి తెచ్చుకున్నది ఇది. దాన్ని ఇంకొకరి మొక్కు ఖాతాలో వేస్తే ఒప్పుకునే ప్రశ్నే లేదు. పైగా నా దగ్గర చదువు ఉంది. చదువుతోనే దిగాను.

"పూజలో సంకల్పం చెప్పేటప్పుడు చేసేవాళ్ళ పేరే గదమ్మా చెప్తారు. సంకల్పమంటే మనసులో ఒకదాన్ని అమర్చుకోవడం. ఎవురు అమర్చుకుంటే వాళ్ళే సెయ్యాల. నువ్వెవురి పేరు చెప్పినావు?"

"నీ పేరే చెప్పినా. గోత్రం, నచ్చత్రం గూడా చెప్పినా," అంది అమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

ఆ వాదం అక్కడితో పోయింది. మర్నాడు ఇంకోటి ఎత్తుకున్నాను. "మొక్కు అంటే మొదట్లో వంగి దండం పెట్టడమే అమ్మా. పాత పుస్తకాల్లో మ్రొక్కు అని ఉంటుంది. ఇస్తాననే అర్థం వెనకొచ్చింది. నువ్వు వంగినావు, దండం పెట్టినావు. అయిపోయింది."

"నేను వంగినా గదా. ఇంగ నువ్వు వంగు. మంగలామె ముందర."

ఇష్టం అనే మాట గురించి మాత్రం నేను నోరెత్తలేదు. సంస్కృతంలో ఇష్టం రెండు ధాతువుల నుంచి వస్తుంది. ఒకదాని నుంచి వస్తే కోరుకున్నది, ఇంకొకదాని నుంచి వస్తే యజ్ఞంలో సమర్పించినది. ఆ రెండోది అమ్మ చెవిన పడిందంటే నా తల ఆ పూటే గుండయ్యేది. చదువుకున్నవాళ్ళు కొన్ని దాచుకోవాలి.

ఆయన్ని ఇంటికి భోజనానికి పిలిచాం. రాగిసంగటి, దాంట్లోకి చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, చేసింది అమ్మ. ఆయన వేళ్ళు నాకుతూ తిన్నారు, అమ్మకు ఆ క్షణమే నచ్చేశారు. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, "అత్తా, మేడం తలకి బదులు నా తల ఇస్తే సామి ఒప్పుకోడా?" అని అడిగారు.

ఆయనకు ముందువైపు జుట్టు ఎప్పుడో వెళ్ళిపోయింది. వెనకవైపు ఉన్నదాన్ని జాగ్రత్తగా ముందుకు దువ్వుకుంటారు. అమ్మ ఆ తలను కాసేపు పరిశీలనగా చూసింది.

"నీ మనసు మంచిది నాయనా. కానీ ఆ నాలుగు ఎంటికలిచ్చి ఇంత జడ మిగిలిచ్చుకుంటే సామికాడ మోసం జేసినట్లయితాది గదా."

ఆయన వెనక్కి తిరిగి నవ్వు ఆపుకోలేక నీళ్ళ చెంబు వదిలేశారు. నేను నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నాను. అమ్మ మాత్రం నవ్వలేదు. సామికి బాకీ పెట్టి కాపురం మొదలుపెడితే ఆ కాపురానికి ఏమైనా అవుతుందని ఆమెకు నిజంగానే భయం. అది చూశాక నాకూ మనసులో ఎక్కడో చివుక్కుమంది. కానీ పూలజడకు అప్పటికే పూలంగడిలో చెప్పేసి వచ్చి ఉన్నాను.

చివరికి ఒక రాజీకి వచ్చాం. ముగ్గురం కొండకు పోదాం, కల్యాణకట్టలో ఆడవాళ్ళు చాలామంది మూడు కత్తెర్లు ఇస్తారు గదా, అంటే మూడుసార్లు కత్తిరించినంత జుట్టు, నేను అదిచ్చి వస్తానని చెప్పాను. "గుండని మొక్కినా, మూడు కత్తెర్లని మొక్కలేదు," అంది అమ్మ. "పైకి పోయినాక సూద్దాం లే," అన్నాను. రాజీ అంటే అంతే, ఇద్దరం ఎవరి మాట వాళ్ళ దగ్గర పెట్టుకుని బస్సెక్కాం.

ఘాట్ రోడ్డు మలుపుల్లో నాకు చిన్నప్పటి నుంచీ తల తిరుగుతుంది. ఈసారి అదీ బాగుంది. ఒక మలుపులో ఆయన మీద పడతాను, ఇంకో మలుపులో అమ్మ మీద పడతాను. ఇవతలి పక్కన ఆయన, నా వైపు తిరిగి 'సంకల్పానికి కల్పన ఏమవుతుంది మేడమ్' అని అడుగుతున్నారు. అక్కాచెల్లెళ్ళని చెప్పాను. ఒకటి మనసులో అమర్చుకుని చేసేది, ఇంకొకటి మనసులో అమర్చుకుని ఊరుకునేది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని నా జడ కొసను ఒళ్ళో పెట్టుకుని దారంతా పట్టుకునే ఉంది.

కల్యాణకట్టలో టోకెనూ, బ్లేడు ముక్కా ఇచ్చారు. ఆయన మగవాళ్ళ వరసలోకి ఎందుకో తొంగి చూసి, ఇప్పుడే వస్తానని వెళ్ళారు. నేనూ అమ్మా ఆడవాళ్ళ వైపు వెళ్ళాం. నేలంతా తడి, గంధం వాసన. పిల్లల ఏడుపులూ, పెద్దవాళ్ళ గోవిందలూ. మాకు వచ్చిన మంగలామె నా జడ చేతిలోకి తీసుకుని బరువు చూసి, "గుండా అమ్మా, మూడు కత్తెర్లా?" అని అడిగింది.

నేను అమ్మ వైపు తిరిగాను. అంతకాలం పోట్లాడుకున్నాం గానీ ఒక్క మాట అడగనే లేదని అప్పుడే తట్టింది. "అమ్మా, ఇంతకీ నువ్వు సామిని ఏమని అడిగితివి? నాకు పెండ్లి గావాలనే గదా?"

అమ్మ నా జడ కొసను చేతిలోకి తీసుకుంది. మంగలామె పని ఆపి చూస్తోంది.

"మొదట అదే అడిగినా," అంది. "టెంకాయలని మొక్కినా, పొర్లుదండాలని మొక్కినా. ఆ చివర్న ఒగ సంబంధం వచ్చి నిన్ను వొద్దని పోయినారే, ఆ పొద్దు నువ్వు వంటింట్లో కూసోని, వాళ్ళకి చేసిన బజ్జీలన్నీ ఒగదాని తర్వాత ఒగటి తింటా, నీలో నువ్వు నవ్వుకుంటా ఉండావు. నేను తలుపుకాడ నిలబడి సూసినా. అన్ని దినాలు నీ మొగాన ఆ నవ్వే లేదు పాపా. ఆ పొద్దే అడిగేది మార్సేసినా. సామీ, అది ఏమనుకుంటే అదే కానీ. పెండ్లి వొద్దనుకుంటే వొద్దు, కావాలనుకుంటే కావాల. అట్ల జరిగితే దాని తల నీకిప్పిస్తా అన్నా."

నేను ఆమె కొంగు పట్టుకున్నాను. ఆమె చెబుతూనే ఉంది.

"ఉద్యోగమొచ్చె. స్కూటర్ కొంటివి. రూము నిండా పుస్తకాలు పెట్టుకుంటివి. అన్నీ నువ్వనుకున్నట్లే అయిపాయె. పతిసారీ ఇంగ అడగాల అనుకుంటా. నోరు రాదు. నీకు ఇష్టం లేకుండా నీ తల అడిగితే, నేను మొక్కినదానికి నేనే అడ్డం పడినట్లు గదా."

"మరి ఇప్పుడెందుకు అడిగితివి?"

"ఇంతగా నువ్వు దేన్నీ కోరుకోలేదు. మొగం సూస్తే తెలస్తా ఉండాది. ఇది పోతే నువ్వు తట్టుకోలేవని భయమేసింది." అని, నా జడ వదిలేసి, మంగలామె ముందు కూర్చుని, తన తల వెనక ఉన్న చిన్న ముడి విప్పుకోవడం మొదలుపెట్టింది. "దానికి మూడు కత్తెర్లు తియ్ తల్లీ, సాలు. మిగతాదానికి నాది తీసుకో. సామికి నేను చెప్పుకుంటా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఇన్ని వారాలు ఆమె మొక్కు నుంచి నా ఇష్టాన్ని కాపాడుకుంటున్నాననుకుని ధాతువులన్నీ తవ్వి పోట్లాడాను. ఆమె పదేళ్ళ పైబడి ఆ ఇష్టం కోసమే కొండకు దండం పెడుతోంది. సంబంధాలు తప్పిపోయినందుకు ఊరంతా జాలిపడుతున్నప్పుడు, బజ్జీలు తింటున్న నన్ను చూసి సరిగ్గా అర్థం చేసుకున్న మనిషి ఆమె ఒక్కతే. ఆ తడి నేల మీద నాకు అమ్మ మీద పొంగుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు.

అమ్మను రెక్క పట్టుకుని లేపి పక్కన నిలబెట్టాను. నేను కూర్చున్నాను. "గుండే తియ్యమ్మా," అన్నాను.

"పూలజడ ఆశ పడితివి గదా పాపా," అంది అమ్మ.

"ఇప్పుడు ఇదే ఆశగా ఉండాది," అన్నాను. అది నిజం. మంగలామె నీళ్ళు పోసి, బ్లేడు పెట్టింది. జడ జడగానే ఊడి వచ్చి ఒళ్ళో పడింది. చల్లగాలి నెత్తి మీద తగిలితే కితకితలు పెట్టినట్టయి, తల కదలకుండా కూర్చోమని ఆమె కసిరేదాకా నవ్వుతూనే ఉన్నాను. గంధం పూశాక చేత్తో తడుముకుంటే నా తల నాకే కొత్త వస్తువులా ఉంది.

బయటికి వచ్చేసరికి ఆయన నిలబడి ఉన్నారు. వెనకవైపు ఉన్న ఆ నాలుగు వెంట్రుకలూ లేవు. నెత్తి నిండా గంధం. ఎవరూ అడగలేదు, ఎవరూ మొక్కలేదు. "ఊరికే ఉండలేకపోతి," అన్నారు. ఒకరినొకరం చూసుకున్నాం. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు, ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, అమ్మ మా ఇద్దరి గుండ్లనూ మార్చి మార్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వింది. దారిన పోయే భక్తులు కూడా ఆగి నవ్వి పోయారు.

పూలంగడికి ఫోన్ చేసి పూలజడ వద్దు, ఆ పూలతో ఇంకో రెండు దండలు కట్టమని చెప్పాను.

కొండ కింద ఒక చిన్న గుడిలో పెళ్ళి. పీటల మీద ఇద్దరం గుండ్లతో కూర్చున్నాం. పిల్లలు ఫోటోలు తీస్తూ కిందా మీదా పడుతున్నారు. తాళి కట్టేటప్పుడు పెళ్ళికూతురి జడను ఆడపడుచు ఎత్తి పట్టుకోవాలి. ఆయన చెల్లెలు అలవాటు కొద్దీ నా వెనక చెయ్యి చాపింది. ఎత్తడానికి ఏమీ దొరక్క, ఏం చేయాలో తోచక ఆగిపోయింది. అందరూ నవ్వుతున్నారు. నేను తల తిప్పి చూశాను. నాయన లేరు కాబట్టి తాను దగ్గరికి రాకూడదని అమ్మ వెనకాల స్తంభం పక్కన నిలబడి, అక్కడి నుంచే చేతులు జోడించి ఉంది.

"అమ్మా, నువ్వు రా," అన్నాను.

వద్దన్నట్టు తల ఊపింది. ఎవరో గొణిగారు. "నువ్వొస్తేనే కట్టించుకుంటా," అన్నాను. పురోహితుడు తల వంచుకుని మంత్రం సాగదీస్తున్నాడు. ఆయన తాళి రెండు చేతుల్తో పట్టుకుని, "రా అత్తా, చేతులు నొప్పి పెడతావుండాయి," అన్నారు.

అమ్మ వచ్చింది. నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, జడ ఉండాల్సిన చోట బోసి మెడ మీద తన చెయ్యి పెట్టింది. తాళి ఆ చేతి కిందుగా పోయింది. మూడో ముడి పడేదాకా ఆమె చెయ్యి తియ్యలేదు.